ఎవరిది? ఎప్పటిది?

‘తోడి. రేడియో కచేరీ, డెబ్భైల నాటిది. రెండో వైపు మొదట్లో గుయ్యిమంటుంది, కాస్త ఓర్చుకోండి.’

శాస్త్రీయ సంగీతం పిచ్చి పట్టినవాళ్ళను ‘ఈమధ్య ఏం వింటున్నారు’ అని అడిగితే జవాబు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. రాగం పేరు, కృతి పేరు చెబితే సరిపోదు. ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ప్లేటా టేపా, ఎన్నో కాపీ – ఇవన్నీ తేలితేగాని ఎదుటివాడు చెవి ఒగ్గడు. బయటివాళ్ళకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది. కృతి అదే, రాగం అదే, ఎప్పుడు పాడితేనేం అంటారు. ధ్వనిశాస్త్రం మాత్రం ఈ తగువులో చాదస్తుల పక్షమే. పాత రికార్డింగులో మనకు వినిపించేదాంట్లో గాయకుడి వాటా కొంత, యంత్రం వాటా కొంత. మిగతాది వినేవాడి మెదడు అప్పటికప్పుడు అల్లుకునేది.

గాయకుడి వాటా ఎంత మారగలదో చూడాలంటే గ్లెన్ గౌల్డ్ దగ్గరికి వెళ్ళాలి. ఈ కెనడా పియానిస్టు బాఖ్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను 1955లో, ఇరవై రెండేళ్ళ వయసులో, న్యూయార్కులో రికార్డు చేశాడు. 38 నిమిషాల చిల్లరలో ముగించాడు. 1981లో అదే స్టూడియోలో అదే రచనను మళ్ళీ వాయించాడు. ఈసారి 51 నిమిషాలు. రెండోసారి కొన్ని భాగాలను తిరిగి వాయించాడు గనక తేడా అంతా నడక నిదానం వల్లే వచ్చిందనుకోకూడదు. అయినా మొదటి ఖండిక వింటేనే ఎవరికైనా తెలిసిపోతుంది. మనిషి ఒక్కడే, రచన ఒక్కటే. ‘గౌల్డ్ వింటున్నా’ అని ఎవరైనా అంటే ‘ఏ గౌల్డ్?’ అని అడగక తప్పదు.

యంత్రం వాటా దగ్గరికొస్తే కథ మన దేశంలో 1902 నుంచి మొదలుపెట్టవచ్చు. గ్రామఫోన్ కంపెనీ పంపగా వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ ఆ నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ చేత పాడించాడు. మైకు లేని కాలం. గాయని ఒక పెద్ద గొట్టం మూతికి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి గొంతెత్తి పాడాలి. ఆ గాలి ఊపుకు గొట్టం చివరన ఉన్న పలుచని పొర కదులుతుంది, పొరకు తగిలించిన సూది మైనం మీద గీత గీస్తుంది. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ప్లేట్లు అచ్చయ్యేది ఎక్కడో జర్మనీలోని హనోవర్‌లో. ఏ ప్లేటు ఎవరిదో అక్కడి పనివాళ్ళకు తెలియాలి కదా! కలకత్తా సియాల్దాలో కంపెనీ సొంత ఫ్యాక్టరీ పెట్టింది 1908లో. ‘ఎవరిది’ అన్న ప్రశ్న, ఆ లెక్కన, ప్లేటు పుట్టిననాడే పుట్టింది.

ప్లేటుకు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు. గంటసేపు సాగే ఆలాపనను ఆ కొలతకు కత్తిరించుకోవలసి వచ్చింది. రాగం నాలుగు మెరుపుల్లో తేలిపోవాలి, పల్లవికి రెండు మూడు సంగతులకు మించి చోటుండదు. ఆ కురచదనంలోనూ కొందరు అద్భుతాలు చేశారు. అదలా ఉంచితే, గొట్టం ఇంకో పని కూడా చేసింది. అది అన్ని ధ్వనులనూ పట్టేది కాదు. సెకనుకు కొన్ని వందల కంపనాల నుంచి రెండు, రెండున్నర వేల దాకా దాని రాజ్యం. పైనున్నవీ కిందనున్నవీ మైనం దాకా చేరేవే కావు. 1925లో మైకు, విద్యుత్ రికార్డింగు వచ్చాకే ఆ రాజ్యం అటూ ఇటూ పెరిగింది.

ఇక్కడో చిక్కు ఉంది. శ్రుతి ఒకటి పెట్టుకున్న మగ గొంతుకు ఆధార షడ్జం సెకనుకు సుమారు 131 కంపనాలు, అంటే 131 హెర్ట్జ్. తంబుర చివరి తీగ పలికే మంద్ర షడ్జం అందులో సగం, 65 హెర్ట్జ్. గొట్టం వాటిని సరిగా పట్టలేదు. అంతదాకా ఎందుకు, ఇవాళ చేతిలో ఉన్న సెల్‌ఫోను స్పీకరు కూడా 300 హెర్ట్జ్ దిగితే నీరసపడిపోతుంది. అయినా పాత ప్లేటులో మగ గొంతు మగ గొంతుగానే వినిపిస్తుంది. ఫోనులో తంబుర మంద్రంగానే మోగుతుంది. లేని స్వరం ఎలా వినిపిస్తోంది?

తీగ ఒక్క కంపనంతో మోగదు. 65 హెర్ట్జ్ మూలధ్వనితో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు – 130, 195, 260, 325, 390 – ఇలా అనుస్వరాల వరస కూడా మోగుతుంది. కింది మూడు నాలుగు మెట్లు కోసేసి మిగతావి వినిపించినా, మెట్టుకూ మెట్టుకూ మధ్య 65 ఎడం అలాగే ఉంటుంది. మెదడు ఆ ఎడాన్ని పసిగట్టి, ఇది 65 హెర్ట్జ్ తీగే అని తీర్పిచ్చేస్తుంది. ఆ స్వరం స్పీకరులో లేదు, గదిలో లేదు, వినేవాడి మెదడులో మాత్రం ఉంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు జీబెక్ 1841లోనే సైరన్‌తో ఈ సంగతి చూపించాడు. గేయార్గ్ ఓమ్, విద్యుత్తు నియమం పేరుతో మనకు బడిలో పరిచయమైన ఓమే, అందుకు ఒప్పుకోలేదు. పాతకాలపు టెలిఫోను 300కూ 3,400కూ మధ్య ధ్వనులనే పంపేది, మగవాళ్ళ గొంతు మూలధ్వని నూటికి అటూ ఇటూ ఉంటుంది. అంటే టెలిఫోనులో నాన్నగారి గొంతును దశాబ్దాలపాటు పోల్చుకున్నది ఈ లేని స్వరంతోనే.

తంబుర ఈ విషయంలో మిగతా వాయిద్యాలకంటే అదృష్టవంతురాలు. సి.వి.రామన్ 1921లో వీణ, తంబురల మీద ఒక చిన్న పత్రం ప్రచురించాడు. ఆనాటికి పుస్తకాల్లో ఉన్న సూత్రం ప్రకారం, ఒక అనుస్వరం నిశ్చలంగా ఉండే చోట తీగను మీటితే ఆ అనుస్వరం మోగకూడదు. వీణ, తంబుర ఆ సూత్రాన్ని లెక్కచేయడం లేదని రామన్ గమనించాడు. మోగకూడనిది గట్టిగా మోగుతోంది. కారణం తీగ ఆనే గుర్రం. వయొలిన్‌లోలా అది కత్తి అంచులా ఉండదు, వెడల్పుగా, కొద్దిగా వంపుతో ఉంటుంది. కదిలే తీగ ఆ వంపును తాకుతూ, వదులుతూ ఉంటుంది. తంబుర గుర్రానికీ తీగకూ మధ్య దూర్చే నూలు పోగు ఆ తాకిడిని సవరిస్తుంది. పోగును వెంట్రుకవాసి జరిపితే చాలు, అప్పటిదాకా మొద్దుగా ఉన్న తీగ ఝుమ్మని విచ్చుకుంటుంది. తంబురకు జీవం పట్టిందంటారు. అలా పుట్టిన పై అనుస్వరాల గుంపే మంద్ర షడ్జాన్ని డొక్కు స్పీకర్ల గుండా కూడా గట్టెక్కిస్తోంది.

గీతలు పడ్డ ప్లేటు గురించి కూడా మెదడుకు తనదైన పద్ధతి ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ వారెన్ 1970లో ఒక వాక్యంలోంచి ఒక అక్షరధ్వనిని పూర్తిగా కోసేసి, ఆ ఖాళీలో దగ్గు శబ్దం పెట్టి ఇరవైమందికి వినిపించాడు. పందొమ్మిదిమంది వాక్యం మొత్తం వినిపించిందన్నారు. దగ్గు ఎక్కడొచ్చిందో కూడా సరిగా చూపలేకపోయారు. పైకి జారుతున్న స్వరాన్ని మధ్యలో కొద్దిసేపు రొదతో కప్పినా అంతే, స్వరం రొద వెనకాల సాగిపోయినట్టే వినిపిస్తుంది. గమకం మధ్యలో పడ్డ చిటపట అందుకే పెద్దగా బాధించదు. రొద బదులు నిశ్శబ్దం పెడితే మాత్రం ఈ మాయ పనిచేయదు, తెగిన చోటు తెగినట్టే తెలుస్తుంది.

పాత రికార్డింగులను ‘శుభ్రం’ చేసేవాళ్ళు ఈ ఒక్క విషయం గోడమీద రాసిపెట్టుకుంటే బాగుండును. కంప్యూటరుతో సొద మొత్తం ఊడ్చేస్తే దానితోపాటు తంబుర పై అనుస్వరాలూ ఊడ్చుకుపోతాయి. గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టవుతుంది. ‘శుభ్రం చేయని కాపీ ఉంటే పంపండి’ అని వేడుకునే రసికులను చూసి నవ్వాల్సిన పనిలేదు.

రొదకంటే కిరికిరి పెట్టేది వేగం. డెబ్భై ఎనిమిది చుట్ల ప్లేట్లని పేరేగాని, తొలి రోజుల్లో నిమిషానికి డెబ్భై చిల్లర నుంచి ఎనభై పైచిలుకు దాకా ఎవరి లెక్క వారిది. 74 చుట్లతో రికార్డయిన ప్లేటును 78తో తిప్పితే ధ్వని అయిదున్నర శాతం పైకెక్కుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య ఎడం ఆరు శాతం. కాబట్టి శ్రుతి ఒకటిలో పాడిన మనిషి ఇంచుమించు ఒకటిన్నరలో పాడినట్టు తయారవుతాడు. నడక కూడా ఆ మేరకు చురుకవుతుంది. ‘ఆ రోజుల్లో ఎంత హెచ్చు శ్రుతిలో పాడేవారో!’ అన్న ఆశ్చర్యంలో కొంత భాగం మోటారుకు చెందవలసింది.

తప్పు ఎలా పట్టుకోవాలి? లోపల్నించి దొరకదు. గొంతు, తంబుర, వయొలిన్ అన్నీ కట్టగట్టుకుని పైకెక్కుతాయి. మృదంగం కూడా. మామూలు డోలు చర్మం అనుస్వరాలు మూలధ్వనికి పూర్ణాంకాల రెట్లలో ఉండవు, మొదటిది 1.59 రెట్లు, తర్వాతది 2.14 రెట్లు, ఇలా అడ్డదిడ్డంగా పోతాయి. మృదంగం కుడివైపు వేసే నల్లని కరణి వాటిని లాక్కొచ్చి ఇంచుమించు ఒకటి, రెండు, మూడు, నాలుగు వరసలో నిలబెడుతుందని తేల్చిందీ రామనే, 1920లో. మృదంగం శ్రుతిలో కలిసేది అందుకే. అది కూడా పాటతో పాటే తప్పుదారి పడుతుంది గనక సాక్ష్యానికి పనికిరాదు.

సాక్షి వేరే ఉంది. టేపుల్లో వెనకాల సన్నగా వినిపించే హమ్మింగ్. అది మన కరెంటుది, 50 హెర్ట్జ్. ఆ రికార్డింగును కంప్యూటరులో వర్ణపటంగా పరిచి చూస్తే అడుగున ఒక సన్నని అడ్డగీత కనిపిస్తుంది. అది 53 దగ్గర ఉంటే టేపు ఆరు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. వెనక్కి లాగి 50కి తెస్తే గాయకుడి అసలు శ్రుతి బయటపడుతుంది. ఒక్కోసారి రెండు మూడు గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్కో కాపీ తీసినప్పుడు ఒక్కో యంత్రం తన హమ్మింగును అంటించి పోయింది. ఎన్నో కాపీ అన్న ప్రశ్నకు జవాబు అక్కడ రాసే ఉంటుంది. అయితే మన కరెంటు కూడా మహా నిలకడైనదేం కాదు. ఒకప్పుడు సాయంత్రం వాడకం పెరిగితే 50 కాస్తా 49కి, అంతకంటే కిందికి జారేది. ఒక హెర్ట్జ్ జారితే లెక్కలో రెండు శాతం తప్పు. ఆ మేరకు చెవినీ, ఆ గాయకుడి మిగతా కచేరీలనూ నమ్ముకోవాలి.

తీరా సరిచేసిన కాపీ పంపితే కొందరికి నచ్చదు. ‘దిగాలుగా ఉందండీ’ అంటారు. దీనికీ కారణముంది. డేనియల్ లెవిటిన్ 1994లో ప్రచురించిన ప్రయోగంలో 46 మందిని, బాగా తెలిసిన రెండు పాటలు జ్ఞాపకం మీద పాడమన్నాడు. సంగీతంలో తర్ఫీదు లేనివాళ్ళే ఎక్కువ. అయినా నూటికి నలభైమంది కనీసం ఒక పాటను రికార్డులో ఉన్న శ్రుతిలోనే ఎత్తుకున్నారు. రెండు పాటల్లోనూ రెండు స్వరస్థానాలకు మించి తప్పనివాళ్ళు 44 శాతం. తర్వాత నడకను కొలిచినా ఇలాంటి ఫలితమే వచ్చింది. మనం పాటను మాత్రమే గుర్తుంచుకోవడం లేదు, ఆ రికార్డింగునే గుర్తుంచుకుంటున్నాం. ముప్ఫయ్యేళ్ళు వేగం తప్పిన క్యాసెట్టుతో బతికిన చెవికి ఆ తప్పే ఒప్పు.

తెలుగునాట ఈ క్యాసెట్ల పెద్ద గని రేడియో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటివాళ్ళ గొంతులు ఇళ్ళకు చేరింది చాలావరకు ఆ మీడియం వేవ్ మీదే. ఆ తరంగాల్లో స్టేషనుకూ స్టేషనుకూ మధ్య కేటాయించిన ఎడం 9 కిలోహెర్ట్జ్. పక్క స్టేషను మీద పడకుండా ఉండాలంటే అందులో సగానికి అటూ ఇటూగానే ధ్వని పంపాలి. కాబట్టి నాలుగున్నర, అయిదు వేల హెర్ట్జ్ పైనున్న మెరుపు మన రేడియో టేపుల్లో వెతికినా దొరకదు.

తొంభై నిమిషాల క్యాసెట్టుకు ఒక వైపు నలభై అయిదు. పల్లవి మంచి పట్టులో ఉండగా టక్కుమని ఆగిపోయేది. తిప్పి పెట్టేలోగా రెండు ఆవర్తాలు గల్లంతు. ఇంకో విచిత్రం, పాత స్పూలు టేపుల్లో గాయకుడు ఎత్తుకోకముందే ఆ ఎత్తుగడ దూరం నుంచి లీలగా వినిపిస్తుంది. దయ్యమేం కాదు. చుట్టిన టేపులో ఒక పొర అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకుంటుంది, అంతే. టేపును చివర పైకి వచ్చేలా, తిరగేసి చుట్టి దాచమని అందుకే చెబుతారు. అప్పుడు ఆ ముద్ర ముందు కాక ఎక్కువగా వెనక పడుతుంది, పాట హోరులో కలిసిపోతుంది.

ముందే వినిపించడం టేపులోనే జరగదు. అలవాటైన రికార్డింగులో ఒక పాటకూ తర్వాతి పాటకూ మధ్య ఉన్న నిశ్శబ్దంలో వినేవాడి తలలో తర్వాతి పాట మొదలైపోతుంది. ఆంబర్ లీవర్, సహచరులు 2009లో సరిగ్గా ఈ క్షణాన్నే మెదడు స్కానింగులో పట్టుకున్నారు. మనుషులు తమకు బాగా తెలిసిన సీడీల్లోని ఖాళీలను వింటున్నప్పుడు మెదడు ముందుభాగంలో, కదలికలకు సిద్ధం చేసే ప్రాంతాల్లో పని నడుస్తూ కనిపించింది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం బృందం ఇంకో అడుగు వేసింది. ఒళ్ళు జలదరించే సంగీతం ఏదో ఎవరికివారే ఎంచుకుని తెమ్మని, ఎనిమిదిమంది వింటుండగా డోపమైన్ విడుదలను కొలిచింది. జలదరింపు వచ్చినప్పుడు మెదడులో ఒక చోట విడుదలైంది. దానికి కొన్ని సెకన్ల ముందు, ఎదురుచూపులోనే, మరో చోట విడుదలైంది. తారషడ్జం రాబోతోందని తెలిసినవాడికి అందులో సగం సుఖం ముందే ముడుతోంది. వందసార్లు విన్నదాన్నే మళ్ళీ వినడంలో ఏముందని అడిగేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఇప్పుడు పంచుకోవడమంటే ఫైలు పంపడం. సీడీలో సెకనుకు రెండు చానెళ్ళకూ కలిపి 14 లక్షల బిట్లు ఉంటాయి. 128 కిలోబిట్ల ఎమ్‌పీ3లో ఉండేది అందులో పదకొండో వంతు. మిగతా పది వంతులూ ఎక్కడికి పోయాయంటే, గట్టి ధ్వని పక్కనున్న సన్నని ధ్వని చెవికి ఎలాగూ వినపడదన్న లెక్కమీద తీసేశారు. ఈ లెక్క చాలాచోట్ల నెగ్గుతుంది. జర్మన్ ఇంజినీరు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ దీన్ని సానబెట్టేటప్పుడు ముప్పుతిప్పలు పెట్టింది భారీ ఆర్కెస్ట్రా కాదు, వాయిద్యాలేవీ లేని ఒంటరి ఆడగొంతు. సుజాన్ వేగా పాడిన పాట అది. రెండో చిక్కు ఠక్కున మొదలయ్యే దెబ్బలతో. సంగీతాన్ని చిన్న చిన్న తునకలుగా కోసి కుదిస్తారు గనక, తునక మధ్యలో దెబ్బ పడితే కుదింపు రొద ఆ తునకంతా పరుచుకుని దెబ్బకంటే ముందే వినిపిస్తుంది. స్పెయిన్‌వారి కాస్టనెట్స్ అనే చెక్క చిడతలతో దీన్ని పరీక్షిస్తారు. మన ఘటానికీ కంజిరకూ ఇదే గండం. మరీ కుదించిన ఫైలులో తని ఆవర్తనం వింటే దెబ్బ అంచు అరిగిపోయినట్టుంటుంది.

ఏది వినాలన్నది మాత్రం ఇంకా మనుషులే నడిపిస్తున్నారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో సల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు 2006లో ప్రచురించిన ప్రయోగంలో 14,341 మంది పాల్గొన్నారు. ఎవరికీ తెలియని 48 పాటలు ముందుంచారు. కొందరికి ఏ సమాచారమూ ఇవ్వలేదు. మిగిలినవారిని ఎనిమిది వేరువేరు గుంపులు చేసి, ఎవరి గుంపులో ఏ పాటను ఎందరు దించుకున్నారో చూపించారు. సంఖ్యలు కనబడిన గుంపుల్లో ఆదరణ కొన్ని పాటల మీదే పోగుపడింది. పైగా ఒక్కో గుంపు ఒక్కో పాటను నెత్తికెత్తుకుంది. ఒక గుంపులో మొదటిదైన పాట మరో గుంపులో నలభయ్యోది. మరీ మంచివి మునగలేదు, మరీ నాసివి తేలలేదు. నడుమవాటి జాతకం మాత్రం మొదట ఎవరు దేన్ని నొక్కారన్నదాని చేతిలో ఉండిపోయింది. అది శాస్త్రీయ సంగీతం కాకపోవచ్చు. ‘అందరూ అదే వింటున్నారు’ అన్న మాట పనిచేసే తీరు రసికుల మధ్య వేరేగా ఉంటుందని నమ్మడం కష్టం.

వినిపించే యాప్‌లకు రసికుల ప్రశ్నలు చాలాకాలం అంతుపట్టలేదు. పాట, ఆర్టిస్టు, ఆల్బమ్ – వాటికి తెలిసిన గడులు ఈ మూడే. ఒకే సింఫనీని నలభైమంది కండక్టర్లు చేసి ఉంటే ఏది కావాలో చెప్పడానికి దారి లేదు. ఆపిల్ 2023 మార్చిలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి విడిగా ఒక యాప్ పెట్టింది. అందులో స్వరకర్త, రచన, కండక్టర్, ఆర్కెస్ట్రా వారీగా వెతుక్కోవచ్చు. కర్ణాటక సంగీతానికి వాగ్గేయకారుడు, రాగం, తాళం, గాయకుడు, పక్కవాద్యాలు, కచేరీ తేదీ కలిపి కనీసం ఆరేడు గడులు కావాలి. అవి లేనిచోట ఒక కీర్తన కింద త్యాగరాజు పేరు ‘ఆర్టిస్టు’గా, ఇంకో కీర్తన కింద ‘ఆల్బమ్’గా తేలుతుంది. వయొలిన్ వాయించినాయన ఎక్కడా కనిపించడు.